స్విమ్మింగ్ పూల్ మోటారు మార్చాలా? బోరు లెక్క ఇక్కడ పనికిరాదు

మన వైపు మోటారు అనగానే ముందు వచ్చే ప్రశ్న: ఎన్ని హెచ్‌పీ? నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది సహజమే. బోర్లలో నీళ్లు ఏటికేడు కిందికి పోతుంటే మూడు హెచ్‌పీ తీసి ఐదు వేశాం, ఐదు తీసి ఏడున్నర వేశాం. ఆ అలవాటే ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ దాకా వచ్చింది. షాద్‌నగర్, చౌటుప్పల్ దగ్గర ఫామ్‌హౌస్‌లోనో, మిర్యాలగూడలో ఇంటి వెనుకో కట్టుకున్న చిన్న పూల్‌లో నీళ్లు పచ్చబడ్డాయని మెకానిక్‌ను పిలిస్తే, పావుగంటలో తీర్పు వచ్చేస్తుంది: "ఒకటిన్నర సరిపోతలేదు సార్, రెండు హెచ్‌పీ వేద్దాం. టెన్షన్ ఉండదు."

ఆయన మోసం చేస్తున్నాడని కాదు. బోర్ల మీద నేర్చుకున్న పనితనం అది, బోరు దగ్గర ఆ మాట నిజం. పూల్ దగ్గర మాత్రం చాలాసార్లు తలకిందులు.

బోరు మోటారు ముఖ్యమైన పని నీటిని ఎత్తడం. నీళ్లు 300 అడుగుల కింద ఉంటే ఆ 300 అడుగులు ఎత్తగలిగే శక్తి ఉండాలి. అందులో కొంచెం తగ్గినా పైకి చుక్క రాదు. పూల్ పంపు నీటిని ఎక్కడికీ ఎత్తదు. పూల్ పక్కనే కూర్చుని నీటి మీది చెత్తను పట్టే స్కిమ్మర్ నుంచి నీళ్లు లాగి, ఇసుక ఫిల్టర్‌లోంచి తోసి, మళ్లీ అదే పూల్‌లో వదులుతుంది. బయల్దేరిన మట్టానికే నీళ్లు తిరిగి వస్తాయి కాబట్టి ఎత్తు తేడా లేనట్టే. పైపులు, బెండ్లు, వాల్వులు, ఫిల్టర్‌లోని ఇసుక పెట్టే రాపిడితోనే దాని పోరాటమంతా.

ఈ రాపిడికి ఒక గుణం ఉంది. నీటి ప్రవాహం రెట్టింపైతే రాపిడి నాలుగు రెట్లవుతుంది. మోటారు వేగం, కరెంటు లెక్క కూడా దీనికి తగ్గట్టే నడుస్తుంది: వేగం సగానికి తగ్గిస్తే వచ్చే నీళ్లు సగమవుతాయి, ప్రెషర్ నాలుగో వంతు అవుతుంది, పంపు లాగే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారులో, దాని వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరంలో (డ్రైవ్) పోయే నష్టాలు కలుపుకుంటే చేతికొచ్చేది ఐదో వంతు అనుకోండి. అయినా సరే, సగం నీళ్ల కోసం ఐదో వంతు కరెంటు. గంటలు రెట్టింపు చేస్తే అన్నే నీళ్లు తిరుగుతాయి, ఖర్చు సగం కూడా కాదు.

బోరు మోటారును ఇలాగే సగం వేగంతో తిప్పి చూడండి. ఎత్తే శక్తి నాలుగో వంతయి, 300 అడుగులు ఎత్తేది 75 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. కరెంటు కాలుతుంది, నీళ్లు రావు. సూత్రం ఒకటే. ఒకచోట లాభం, ఇంకోచోట సున్నా. వేగం మార్చుకోగల వేరియబుల్ స్పీడ్ పంపులు పూల్స్‌లోనే అంతగా పేరు తెచ్చుకోవడానికి కారణం ఇదే. అమెరికాలో 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన సామర్థ్య నిబంధనల వల్ల, భూమిలో కట్టే పూల్స్‌కు అమ్మే కొత్త పంపులు చాలావరకు ఈ రకమే. నెట్‌లో కనిపించే "కరెంటు ఇంత ఆదా" లెక్కలు ఎక్కువగా అక్కడివే. వాటిని మన బిల్లుకు అతికించుకునే ముందు మన పూల్‌ను ఒకసారి కొలుచుకోవాలి.

కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ముందు కరెంటు. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, పూల్ మోటారు ఒక్కటే గంటసేపు నడిపి, మీటర్ అంకెలో తేడా రాసుకోవాలి. ఎలక్ట్రీషియన్ దగ్గర తీగకు తగిలిస్తే కరెంటు చూపించే టాంగ్ టెస్టర్ ఉంటే ఇంకా తొందరగా తేలుతుంది. 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు చూపిస్తే, పవర్ ఫ్యాక్టర్ 0.9 అనుకుంటే, గంటకు సుమారు 1.45 యూనిట్లు. సింగిల్ ఫేజ్ ఒకటిన్నర హెచ్‌పీ పంపుకు ఇది మామూలే. ప్లేట్ మీద 1.1 కిలోవాట్లని రాసి ఉంటే కంగారు పడొద్దు. అది షాఫ్ట్ మీద అందే శక్తి. మీటర్ తిరిగేది మోటారు లాగే దాన్ని బట్టి.

నీళ్ల లెక్కకు బ్యాక్‌వాష్ రోజు, అంటే నీటిని ఫిల్టర్‌లో వెనక్కి తిప్పి ఇసుకను కడిగే రోజు, మంచిది. ఎలాగూ కొంత నీరు బయటికి వదులుతాం కదా, దాన్నే కొలతగా వాడుకోవచ్చు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు గోడ టైల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ హ్యాండిల్‌ను బ్యాక్‌వాష్‌కు తిప్పి, ఐదు నిమిషాలు నడిపి ఆపండి. అలలు తగ్గాక మట్టం ఎంత దిగిందో స్కేలుతో చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌లో 4 సెంటీమీటర్లు దిగితే పోయింది 1,280 లీటర్లు, అంటే గంటకు దాదాపు 15 వేల లీటర్లు. మామూలు ఫిల్టర్ నడకలో అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ నిర్ణయానికి ఇది చాలు. నీళ్లు దించే ముందు మోటారు షెడ్డులో ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో కూడా రాసిపెట్టుకోండి. శుభ్రంగా ఉన్న ఫిల్టర్ 0.8 కిలో చూపించి, ఇప్పుడు 1.4 చూపిస్తుంటే, మీ పంపు చిన్నదని కాదు, ఇసుక నిండిపోయిందని. ఒక కిలో ప్రెషర్ అంటే పది మీటర్ల హెడ్, అంటే నీటిని పది మీటర్లు ఎత్తేంత ఒత్తిడి.

ఇప్పుడు బిల్లు. అదే పూల్‌కు సగటు లోతు 1.35 మీటర్లనుకుంటే 43,200 లీటర్లు. గంటకు 15 వేలు తిరిగితే మూడు గంటల్లోపే నీళ్లన్నీ ఒక చుట్టు పూర్తి. ఇంటి పూల్‌కు, నలుగురైదుగురు దిగేదానికి, రోజుకు ఒకటిన్నర రెండు చుట్లు చాలు. కానీ చాలా ఇళ్లలో మోటారు పొద్దున వేసి సాయంత్రం దాకా వదిలేస్తారు. ఎనిమిది గంటలనుకుందాం. రోజుకు 11.6 యూనిట్లు, నెలకు 348. ఇంటి మిగతా వాడకం 250 అయితే మొత్తం 598 యూనిట్లు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఇంటి స్లాబుల ప్రకారం, నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కు యూనిట్‌కు 5.10, 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. ఇంటి వాడకం కింది మెట్లను ముందే ఆక్రమించేసింది కాబట్టి పూల్ యూనిట్లన్నీ పై మెట్ల మీదే పడతాయి. 50 యూనిట్లు 7.70తో, 100 యూనిట్లు 9తో, మిగిలిన 198 యూనిట్లు 9.50తో లెక్కిస్తే ఒక్క మోటారుకే నెలకు 3,166 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలూ సుంకమూ వేరు.

పంపు అమ్మేవారు ఇక్కడ కాగితం తీస్తారు. వేరియబుల్ స్పీడ్ పంపు సగం వేగంతో గంటకు 0.3 యూనిట్ చొప్పున పది గంటలు నడుస్తుంది, అడుగు మురికి లాగే వాక్యూమ్, బ్యాక్‌వాష్‌ల కోసం పూర్తి వేగం సగటున ఇంకో అర యూనిట్. రోజుకు 3.5, నెలకు 105 యూనిట్లు. అదే స్లాబు లెక్కన 880 రూపాయలు. అంటే నెలకు 2,286 మిగులు! కొత్త పంపు 80 వేలనుకుంటే మూడేళ్లలోపే డబ్బులు వెనక్కి.

లెక్కలో తప్పేం లేదు, పోల్చిన చోటే తిరకాసు. ఆ ఎనిమిది గంటలు అసలు అవసరమా? పాత మోటారుకే ఒక టైమర్ పెట్టి ఐదు గంటలకు కుదిస్తే నెలకు 130 యూనిట్లు తగ్గి, 1,235 రూపాయలు పంపు మార్చకుండానే మిగులుతాయి. కాగితం మీద చూపించిన ఆదాలో సగానికి పైగా టైమర్‌దే. కొత్త పంపు సొంతంగా తెచ్చేది నెలకు 1,050 చిల్లర. ఏడాదంతా ఇలాగే నడిపితే 12,600. బాగా పనిచేస్తున్న మోటారును తీసేసి 80 వేలు పెడితే తిరిగి రావడానికి ఆరేళ్ల పైన పడుతుంది. చలికాలంలో గంటలు తగ్గిస్తాం కాబట్టి ఇంకొంచెం ఎక్కువే.

పాత మోటారు కాలిపోయి, ఎలాగూ ఏదో ఒకటి కొనాల్సి వస్తే కథ మారుతుంది. మామూలు పంపు 30 వేలు, వేరియబుల్ స్పీడ్‌ది 80 వేలు అనుకుంటే, మీరు తేల్చుకోవాల్సింది 50 వేల తేడా గురించే. అది నాలుగేళ్లలో తీరుతుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నడుస్తున్న మోటారును కరెంటు ఆదా కోసమని పీకేయకండి, పోయిన మోటారు స్థానంలో మళ్లీ అదే రకం కొనకండి. పైన రాసిన ధరలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. మీ చేతికొచ్చిన కొటేషన్ అంకెలు వేసుకుని చూడండి.

ఇంటి పైన సోలార్ ఉండి నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) ఉంటే ఈ లెక్క ఇంకా పలచనవుతుంది. మీ ప్యానెళ్లు ఇప్పటికే బిల్లును కింది స్లాబుకు దించి ఉంటే, పంపు ఆదా చేసే యూనిట్ విలువ 9.50 కాదు, 5.10 కావచ్చు.

రెండు హెచ్‌పీ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే నష్టం బిల్లుతోనే ఆగదు. ఇంటి పూల్స్‌లో ఎక్కువగా కనిపించేది 600 మిల్లీమీటర్ల ఇసుక ఫిల్టర్. దాని అడ్డకోత విస్తీర్ణం 0.28 చదరపు మీటర్లు. ఇలాంటి ఫిల్టర్లకు చదరపు మీటరుకు గంటకు 50 ఘనపు మీటర్లు గరిష్ఠం, అంటే మొత్తం మీద 14 వేల లీటర్లు. మన ఒకటిన్నర హెచ్‌పీయే 15 వేలు తోస్తోంది! ఇంకా పెద్ద పంపు పెడితే నీళ్లు ఇసుకలో దారులు చేసుకుని దూసుకుపోతాయి, సన్నటి మురికి పట్టుబడకుండా తిరిగి పూల్‌లోకే వస్తుంది. నీళ్లు జోరుగా తిరుగుతుంటాయి, మబ్బుగానే ఉంటాయి. అదే నిదానంగా పంపితే ఇసుక తన పని తాను చేస్తుంది. బ్యాక్‌వాష్‌కు మాత్రం జోరు కావాలి, ఈ ఫిల్టర్‌కు గంటకు పదిన్నర పదకొండు వేల లీటర్లు. అది ఒక హెచ్‌పీ పంపు కూడా ఇవ్వగలదు.

పైపు సంగతీ అంతే. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న సక్షన్ పైపులో (పంపులోకి నీళ్లు లాగేది) గంటకు 12 వేల లీటర్లు పోతే నీటి వేగం సెకనుకు 1.7 మీటర్లు. అప్పటికే అది హద్దు దాటింది, సక్షన్ వైపు ఒకటిన్నర మించకపోతే మంచిది. 18 వేలు లాగితే రెండున్నర మీటర్లు. అప్పుడు పంపులోంచి గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం వస్తుంది. చాలామంది దాన్ని బేరింగ్ పోయిందనుకుంటారు. నీళ్లు అందక, లోపల నీటిని తోసే రెక్కల చక్రం ఇంపెల్లర్ దగ్గర ఆవిరి బుడగలు పుట్టి పగులుతున్న చప్పుడది, దానివల్లే ఇంపెల్లర్ కొరుక్కుపోతుంది. పైపు నేల కింద, దాని మీద టైల్స్. పంపు మార్చినంత తేలిగ్గా అది మారదు. కాబట్టి కొత్త పంపును ఉన్న పైపుకూ ఉన్న ఫిల్టర్‌కూ తగ్గట్టు ఎంచుకోవాలి.

మరి నీళ్లు ఎందుకు పచ్చబడ్డాయి? పచ్చదనానికి మొదటి కారణం నాచు. క్లోరిన్ తగ్గినప్పుడు, పీహెచ్ పెరిగినప్పుడు అది పుడుతుంది. మన ఎండకు పగలు వేసిన క్లోరిన్ గంటల్లో ఎగిరిపోతుంది. పీహెచ్ 7.2, 7.6 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉందో లేదో చూడకుండా పంపు మార్చడం దండగ. ఇంకోటి, ఫిల్టర్‌లో ఏ ఇసుక ఉందో అడగండి. ఇంటి కట్టుబడికి తెచ్చిన వాగు ఇసుక నాలుగు తట్టలు పోసేసిన ఫిల్టర్లు మన దగ్గర లేకపోలేదు. కావాల్సింది కడిగి జల్లించిన సిలికా ఇసుక, ఒకే సైజు రేణువులది. వాగు ఇసుకలో సన్నటిదీ గరుకుదీ కలిసి, మట్టి కూడా చేరి, ఫిల్టర్ తొందరగా గట్టిపడుతుంది.

తెల్లగా మసకబారితే మాత్రం బోరు నీటిని అనుమానించాలి. నల్గొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. తాగేవారికి అది పెద్ద సమస్యే గానీ పూల్ పంపుకు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. దాని పేచీ కాఠిన్యంతో. ఎండాకాలం పూల్ నుంచి రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 32 చదరపు మీటర్లకు 256 లీటర్లు, నెలకు 7,680. ఆవిరయ్యేది నీరు మాత్రమే, కాల్షియం పూల్‌లోనే మిగులుతుంది. లోటు పూడ్చడానికి మళ్లీ బోరు నీళ్లే వదులుతాం. ఆ నీటి కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములైతే నెలకు 70 చొప్పున పెరుగుతూ పోతుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా వాడితే అందులోని సున్నం అదనం. కొంతకాలానికి ఇంపెల్లర్ రెక్కల మీద, ఇసుక రేణువుల మీద తెల్లటి పొర కట్టి నీళ్లు తగ్గుతాయి. మోటారు అరిగిపోయినట్టే అనిపిస్తుంది. పంపు విప్పి ఇంపెల్లర్ చూస్తే పదినిమిషాల్లో తేలే విషయం. వానాకాలంలో కొంత పాత నీరు వదిలేసి వాన నీటితో నింపుకోవడం కంటే చవకైన మందు దీనికి లేదు.

అన్నీ సరిచూసుకున్నాక, వేరియబుల్ స్పీడ్‌కే వెళ్లాలనుకుంటే మన ఊళ్లకు ప్రత్యేకమైన చిక్కులు కొన్నున్నాయి. మోటార్లు మామూలుగా 40 డిగ్రీల చుట్టుపక్కల వేడికి తయారవుతాయి. మే నెలలో నల్గొండలో బయటే 44, 45 ఉంటుంది. రేకుల షెడ్డులో, తలుపు మూసి ఉంటే ఎంతుంటుందో ఊహించుకోండి. పాత ఇండక్షన్ మోటారు కొంత మొండిగా నెట్టుకొస్తుంది. డ్రైవ్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు అలా కాదు. షెడ్డుకు ఎదురెదురు జాలీలు, పైన నీడ కల్పించడం పంపు కొనడంలో భాగమే అనుకోవాలి. వేసవి గాలిదుమారాలప్పుడు పిడుగులు, కరెంటు పోయి వచ్చేటప్పటి ఎగుడుదిగుడులు ఇంకో సంగతి. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించాలి. ఎర్తింగ్ కొలిపించాలి, ఎందుకంటే మొరం, రాయి ఉన్న నేలలో ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోతే పేరుకే ఎర్త్ మిగులుతుంది. కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని పూల్ లైన్ ఉంటే మిగతా ఆలోచనలన్నీ ఆపి ముందు అది పెట్టించండి. నీళ్లలో పిల్లలుంటారు.

త్రీ ఫేజ్ మోటారు ఉన్నవారికి మధ్యే మార్గం ఒకటుంది. పంపు మార్చకుండా దానికి వీఎఫ్‌డీ, అంటే వేగం మార్చే డ్రైవ్, పెట్టించి వేగం తగ్గించుకోవచ్చు. మామూలు కెపాసిటర్‌తో నడిచే సింగిల్ ఫేజ్ మోటారుకు ఇది కుదరదు. ఏ డ్రైవ్ అయినా వేగం మరీ తగ్గిస్తే స్కిమ్మర్ ఆకులను లాగదు. జలపాతం, ఫౌంటెన్ లాంటివి ఆగిపోతాయి. ఉప్పు నీటి నుంచి క్లోరిన్ తయారుచేసే సాల్ట్ క్లోరినేటర్ ఉంటే నీరు చాల్లేదని అది పనిచేయడం మానేస్తుంది. అందుకే రోజులో గంటసేపైనా జోరు వేగం ఉంచాలి.

ఫామ్‌హౌస్‌లో వ్యవసాయ కనెక్షన్ మీదే పూల్ నడిపేవారికి ఈ వ్యాసంలోని రూపాయల లెక్క వర్తించదు. ఉచిత కరెంటు కదా అనుకుంటారు. అయితే సాగుకు ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. పట్టుబడితే వర్తించే రేటుకు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేస్తారు. పక్కవాడి పొలం తడిపే ట్రాన్స్‌ఫార్మర్ మీద మన ఈతకొలను బరువు వేయడం నాకైతే బాగనిపించదు. ముందు ఇంటి మీటర్ తీసుకుని, ఆ తర్వాత పంపు సంగతి చూడటం మేలు. వారాంతాల్లో ఫామ్‌హౌస్ అద్దెకిచ్చేవారైతే వాణిజ్య కేటగిరీ కిందికి వస్తారు. అక్కడ యూనిట్ రేటు ఎక్కువ కాబట్టి కొత్త పంపు డబ్బు ఇంకా తొందరగా తిరిగొస్తుంది.

కాలిన మోటారును వైండింగ్ చేయిద్దామా అని చాలామంది అడుగుతారు. కేసింగ్, ఇంపెల్లర్ బాగుంటే ఒకసారి చేయించవచ్చు. కానీ ఎందుకు కాలిందో తెలియకుండా చేయిస్తే మళ్లీ కాలుతుంది. షాఫ్ట్ సీల్ కారి నీళ్లు లోపలికి పోయాయా, వోల్టేజీ 180కి పడిపోయినప్పుడు కూడా నడిపారా, స్ట్రైనర్ బుట్ట నిండి నీళ్లు లేకుండా తిరిగిందా, ఇవి ముందు తేల్చుకోవాలి. ఇప్పటికే రెండుసార్లు వైండింగ్ అయిన మోటారైతే ఇక దాని మీద పెట్టే ఖర్చును కొత్తదాని వైపు మళ్లించడమే.

కొత్తది కొనేటప్పుడు షాపులో మీరు రాసుకున్న గేజ్ అంకె, మీ ఫిల్టర్ సైజు చెప్పి, ఆ హెడ్ దగ్గర ఈ పంపు గంటకు ఎన్ని వేల లీటర్లు ఇస్తుందో చార్ట్‌లో చూపించమనండి. చూపించలేని చోట కొనకండి. వేరియబుల్ స్పీడ్‌దైతే ఇంకో మూడు ప్రశ్నలు: బోర్డు పోతే విడిగా దొరుకుతుందా, ఎంతవుతుంది, హైదరాబాద్ నుంచి ఎన్ని రోజుల్లో వస్తుంది? జవాబులు బిల్లు వెనకే రాయించుకోండి. ఏప్రిల్‌లో బోర్డు పోయి మూడు వారాలు పంపు ఆగితే, ఆ పూల్‌లో ఈత కొట్టేది కప్పలే.